శాక్రమెంటో వెళ్తున్నారా? ఆ ఊరి చరిత్ర నది ఒడ్డునుంచి మొదలుపెట్టండి

ఈమధ్య మా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్ చూసినా ఎవరో ఒకరు అమెరికా ప్రయాణంలో ఉంటున్నారు. కూతురి పురుడుకో, మనవడి మొదటి పుట్టినరోజుకో వెళ్తారు, ఆరు నెలలుంటారు, పిల్లలు ఆఫీసు పనిలో పడిపోతే వీళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ఎప్పుడు తిరిగొస్తామా అని రోజులు లెక్కపెడతారు. నా మొదటి ట్రిప్పు అలాగే గడిచింది. మా అమ్మాయి వాళ్ళుండేది కాలిఫోర్నియాలో ఫాల్సమ్‌లో, ఆ రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకి కారులో అరగంట. రెండోసారి వెళ్ళేముందు మాత్రం ఇక్కడే ఒక నెల కూర్చుని ఆ ఊరి చరిత్ర చదువుకుని వెళ్ళాను, ఆరు నెలలు ఎలా గడిచాయో తెలీలేదు. ఆ ఊరికి వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఏం చదవాలో, ఏ వరసలో చూడాలో రాస్తున్నాను. నేను హార్బర్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఏ ఊరెళ్ళినా ముందు నీళ్ళు ఎక్కడున్నాయో చూస్తాను, ఈ ఊరికి సరిగ్గా ఆ చూపే కావాలి.

అందరూ శాసనసభ ఉండే క్యాపిటల్ భవనం దగ్గర మొదలుపెడతారు. మొదటిసారి నేనూ అక్కడికే వెళ్ళాను. తెల్లటి గుమ్మటం, చుట్టూ పెద్ద పెద్ద చెట్లు, లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, బాగుంటుంది. కానీ ఆ భవనం పని 1860లో మొదలైతే 1874కి గాని పూర్తి కాలేదు, అప్పటికే ఆ ఊరు మునిగి, కాలి, మళ్ళీ మునిగి, చివరికి తన వీధుల్నే పైకి లేపుకుంది. అసలు కథంతా ఆ గుమ్మటం లేవకముందే జరిగింది. అందుకే దాన్ని చివరి రోజుల్లో చూడండి.

ముందు ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనుక్కోండి. ప్రతి పేజీకి నడిమధ్య గీత కొట్టి ఎడమవైపు మన ఏళ్ళు, కుడివైపు వాళ్ళ ఏళ్ళు రాసుకోండి. వాళ్ళ తేదీలు ఒక్కటే బట్టీ పడితే వారంలో మర్చిపోతాం, పక్కన మనదొకటి ఉంటే అది పట్టుకుని కూర్చుంటుంది. ఉదాహరణకి 1839 పేజీలో ఎడమవైపు కోరంగి ఉప్పెన రాశాను, ఆ నవంబరులోనే సముద్రం లేచి ఆ రేవుని తుడిచిపెట్టింది. అదే ఏడాది ఆగస్టులో జాన్ సటర్ అనే ఆయన శాక్రమెంటో నదిలో పడవలమీద వచ్చి దిగాడు. ఇంక ఆ రెండూ నాకు విడివిడిగా గుర్తు రావు. మొదటి పేజీ మాత్రం ఖాళీగా వదిలెయ్యండి, అది ఎందుకో తర్వాత చెప్తాను.

ప్రయాణానికి ముందు ఒక ఆదివారం పొద్దున్న వన్ టౌన్ వెళ్ళి రాస్ హిల్ ఎక్కండి. ఒక కొండమీద చర్చి, పక్క కొండమీద దర్గా, ఇంకో కొండమీద వెంకటేశ్వరస్వామి గుడి, కింద హార్బర్ ఛానల్, అవతల డాల్ఫిన్ నోస్ కొండ. 1933లో హార్బర్ తెరిచేదాకా పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసుకుంటే సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకి వచ్చేది. ఛానల్ నోట్లో ఇసుక మేట వెయ్యకుండా రెండు పాత ఓడల్ని ముంచి గోడలా వాడారు. ఇప్పటికీ డ్రెడ్జింగ్, అంటే ఇసుక తోడటం, ఆపితే ఛానల్ పూడిపోతుంది. ఆ కొండమీద నిలబడి మూడు ప్రశ్నలు వేసుకోండి. సరుకు ఎక్కడ దిగింది? మెరక ఎటుంది? నీళ్ళు ఎటునుంచి వస్తే ఊరికి ముప్పు? మన ఊరికి జవాబులు దొరికాక అవే మూడు ప్రశ్నలు పట్టుకుని విమానం ఎక్కండి, శాక్రమెంటో చరిత్ర మొత్తం వాటికి జవాబే.

తర్వాత మ్యాప్. ఫోన్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూస్తే ఉత్తరంనుంచి శాక్రమెంటో నది, తూర్పునుంచి అమెరికన్ నది వచ్చి కలుస్తాయి. ఆ సంగమానికి కాస్త కిందే, తూర్పు ఒడ్డున, ఊరు. నేల ఎత్తు సముద్రమట్టానికి ముప్ఫై అడుగులే. సముద్రం సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్నా వేసవిలో నదిలో నీళ్ళు తగ్గినప్పుడు ఆటుపోట్ల ప్రభావం అక్కడిదాకా వస్తుంది, హార్బర్‌లో పనిచేసినవాడికి ఆ ఒక్క ముక్క చాలు ఆ నేల ఎంత పల్లమో అర్థం కావడానికి. ఈ మ్యాప్‌ని చేత్తో నోట్‌బుక్‌లో గియ్యండి, అందంగా లేకపోయినా పర్లేదు. రెండు నదులు గీసి మూడు చుక్కలు పెట్టండి: రేవు, క్యాపిటల్, సటర్ కోట.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, ఆ ఊళ్ళో తిరగడానికి నాకు బాగా పనికొచ్చింది. నదికి సమాంతరంగా పోయే వీధులకి నంబర్లు, నదినుంచి లోపలికి పోయే వీధులకి ఇంగ్లీషు అక్షరాలు. ఒడ్డున ఉన్నది ఫ్రంట్ స్ట్రీట్, తర్వాత 2, 3, 4 అలా. అంటే వీధి నంబరు చూస్తే నదికి ఎంత దూరంలో ఉన్నామో తెలిసిపోతుంది. క్యాపిటల్ 10వ వీధి దగ్గర. సటర్ కోట 27వ వీధి దగ్గర. ఆ నంబర్లోనే ఊరి కథ ఉంది. మొదట వచ్చినవాడు నదికి మూడు కిలోమీటర్లు లోపల, మెరక చూసుకుని కోట కట్టుకున్నాడు. తర్వాత వచ్చిన వ్యాపారులు నీళ్ళ అంచునే ఊరు పెట్టారు.

ఎందుకు పెట్టారో తెలియాలంటే 1848 జనవరి 24 దగ్గరికి వెళ్ళాలి. సటర్ కోసం కలప మిల్లు కడుతున్న జేమ్స్ మార్షల్‌కి కొలోమా అనే చోట, అమెరికన్ నది పాయలో, బంగారం కనిపించింది. సటర్ ఆ మాట బయటికి పొక్కకూడదనుకున్నాడు. కోట దగ్గర దుకాణం నడిపే శామ్ బ్రానన్ మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో బంగారం బంగారం అని అరుస్తూ తిరిగాడు. ఆయన బంగారం తవ్వలేదు, తవ్వేవాళ్ళకి పారలూ పళ్ళేలూ పిండీ అమ్మాడు. జనం శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి నదిమీద వచ్చేవారు, ఓడ పైకి రాగలిగినంత దూరం వచ్చి ఆ రేవులో దిగేవారు, అక్కడే సామాను కొనుక్కుని కొండలకి పోయేవారు. కాబట్టి దుకాణం రేవులోనే ఉండాలి. సటర్‌కి కొంచెం దిగువన మెరకమీద సటర్‌విల్ అనే ఊరు పెట్టాలని ఉండేది. కానీ 1848 డిసెంబరులో సటర్ కొడుకు, బ్రానన్ కలిసి రేవు దగ్గరే సర్వే చేయించి ప్లాట్లు గీయించారు. ఈ నిర్ణయాన్ని నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాల్లో రాసుకోండి. తర్వాత ఆ ఊరికి వచ్చిన ప్రతి కష్టమూ ఇక్కడినుంచే. ఎడమవైపు ఏం రాయాలంటారా, సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847నుంచి 1852దాకా. మనవైపు గోదావరి నీళ్ళని పొలాలకి మళ్ళిస్తున్న రోజుల్లోనే అక్కడ బంగారం కోసం ఏరుల్ని తిరగేస్తున్నారు.

ఆ తర్వాతి నాలుగేళ్ళు గబగబా చదివెయ్యండి. 1850 జనవరిలో వరద. హార్డిన్ బిగెలో అనే ఆయన కరకట్ట కట్టాలని పట్టుబట్టి మేయరయ్యాడు, ఆగస్టులో భూమి గొడవల్లో తూటా గాయాలపాలయ్యాడు, అదే ఏడు కలరాతో పోయాడు. 1852లో వరద, నవంబరులో అగ్నిప్రమాదం, ఊళ్ళో చాలా భాగం బూడిద. రేవులో పాత ఓడల్ని కట్టేసి గోడౌన్లుగా వాడుకున్నారు, ఒకదాన్ని జైలుగా కూడా. ఇంత జరుగుతున్నా 1854లో రాజధాని అక్కడికే వచ్చింది, శాన్ హోసే, వయేహో, బెనీషియా తిరిగాక. కర్నూలు, హైదరాబాద్, అమరావతి చూసిన మనకి రాజధాని ఊళ్ళు మారడం గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక చోట సరిపడా గదులు లేవు, ఇంకో చోట సౌకర్యాలు లేవు, శాక్రమెంటోలో రేవు ఉంది, డబ్బుంది, హోటళ్ళున్నాయి.

ఇక్కడినుంచి మాత్రం నెమ్మదిగా చదవాలి. 1861 డిసెంబరులో మొదలైన వాన జనవరి దాకా ఆగలేదు. మన వరదలు జూలైనుంచి అక్టోబరు మధ్య వస్తాయి, వాళ్ళవి చలికాలంలో, సియెరా నెవాడా కొండలమీద మంచు పేరుకుని ఉండగా దానిమీద వెచ్చని వాన కురిస్తే వాననీళ్ళూ కరిగిన మంచూ కలిసి ఒక్కసారి దిగుతాయి. ఆ లోయ మొత్తం ఒక సముద్రమైపోయింది. 1862 జనవరి 10న కొత్త గవర్నర్ లీలండ్ స్టాన్‌ఫర్డ్ ప్రమాణ స్వీకారానికి ఇంటినుంచి తెడ్ల పడవలో వెళ్ళాడు. శాసనసభ సామాను సర్దుకుని కొన్నాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోకి పోయింది. రాజధాని అక్కడినుంచి తీసేస్తారన్న భయం ఊళ్ళో అందరికీ పట్టుకుంది.

అప్పుడు వాళ్ళు చేసిన పని నాకు ఆ చరిత్రలో అన్నిటికన్నా నచ్చింది. ఊరు వదిలి పోలేదు, ఊరినే లేపారు. వీధికి రెండువైపులా ఇటుక గోడలు కట్టి మధ్యలో మట్టి పోసి నింపుకుంటూ వెళ్ళారు, సుమారు పది అడుగులు, అదీ బండ్లమీద మట్టి తోలి, పదేళ్ళకి పైగా. వీధి లేచింది గానీ భవనాలు కిందే ఉన్నాయి. స్తోమత ఉన్నవాళ్ళు భవనం కింద జాకీలు పెట్టి రోజుకి కొంచెం కొంచెం చొప్పున పైకెత్తారు, ఇప్పుడు మన దగ్గర రోడ్డు ఎత్తు పెరిగిందని ఇళ్ళని జాకీలతో లేపుతున్నారు చూడండి, అదే పని. స్తోమత లేనివాళ్ళు కింది అంతస్తుని వదిలేసి పై అంతస్తు కిటికీని గుమ్మం చేసుకున్నారు. దాంతోపాటు అమెరికన్ నది మూతిని కూడా తవ్వి ఉత్తరానికి జరిపారు.

ఇది పుస్తకంలో చదివితే నమ్మకం కుదరదు, కళ్ళతో చూడాలి. నది ఒడ్డున మిగిలిన పాత పేటని ఓల్డ్ శాక్రమెంటో అంటారు, అక్కడ ఫ్రంట్ స్ట్రీట్, 2వ వీధి మధ్య సందుల్లోకి వెళ్ళండి. నడిచేది చెక్క ప్లాట్‌ఫారాలమీద, అడుగేస్తే టకటకమంటాయి. రెండు భవనాల మధ్యనుంచి వెనక్కి తొంగిచూస్తే నేల ఒక్కసారి కిందికి దిగిపోతుంది. అక్కడ ఇటుక గోడలో ఆర్చి ఉన్న గుమ్మం ఒకటి కనిపించింది నాకు, అసలు వీధి వైపు గుమ్మం, ఇప్పుడు దానిముందు ఎవరూ నడవరు. మా మనవణ్ణి మెట్లు దింపి అక్కడ నిలబెట్టి నేను పైన వీధిలో నిలబడ్డాను. వాడికి తొమ్మిదేళ్ళు. తలెత్తి చూసి "తాతయ్యా, నువ్వు నిలబడినచోట అప్పుడు గాలేనా?" అన్నాడు. అవును, గాలే. మీ పిల్లల్ని తీసుకెళ్తే ఇలాగే నిలబెట్టండి, పది నిమిషాల ఉపన్యాసం కన్నా ఎక్కువ అర్థమవుతుంది. భూగర్భ టూర్లు కూడా నడుపుతారు, ఎండాకాలం ఎక్కువ, ముందుగా కనుక్కుని వెళ్ళండి.

అక్కడినుంచి రైల్వే మ్యూజియం నడక దూరమే. దీనికి టికెట్ ఉంది, కనీసం మూడు గంటలు పెట్టుకోండి. వరద తగ్గిన ఏడాదికే, 1863 జనవరి 8న, ఆ రేవు ఒడ్డున కె స్ట్రీట్ చివర సెంట్రల్ పసిఫిక్ రైల్వేకి మొదటి గడ్డపార దింపారు. కొండలు దాటే దారి కనిపెట్టింది ఇంజనీరు థియోడార్ జూడా. డబ్బు పెట్టింది స్టాన్‌ఫర్డ్, హంటింగ్టన్, హాప్కిన్స్, క్రాకర్ అనే నలుగురు శాక్రమెంటో వ్యాపారులు, వాళ్ళలో ఇద్దరిది ఇనప సామాన్ల కొట్టు. మ్యూజియంలో గవర్నర్ స్టాన్‌ఫర్డ్ అనే పేరున్న ఇంజిన్ ఉంటుంది, దాని ముందు కాసేపు ఆగండి. అది ఆ దేశం తూర్పు తీరంనుంచి ఓడెక్కి దక్షిణ అమెరికా కొస చుట్టి వచ్చి ఇదే నదిలో దిగింది. ఆ రైలుకి పట్టాలూ నీళ్ళమీదే వచ్చాయి. మొదటి ప్రశ్న గుర్తుందిగా, సరుకు ఎక్కడ దిగింది? అందుకే రైలు కూడా అక్కడే పుట్టింది. 1869 మే 10న యూటాలో తూర్పునుంచి వచ్చిన పట్టాలతో కలిసింది.

ఆ పట్టాలు వేసినవాళ్ళలో వేల వేలమంది చైనావాళ్ళు, మంచుకొండల్లో గ్రానైట్ పేల్చి సొరంగాలు తవ్వినవాళ్ళు. శాక్రమెంటోని వాళ్ళు యీ ఫౌ అనేవారు, రెండో నగరం అని అర్థం, మొదటిది శాన్‌ఫ్రాన్సిస్కో. ఐ స్ట్రీట్ దగ్గర, నీళ్ళు నిలిచే పల్లంలో వాళ్ళ పేట ఉండేది. మంచి నేల వాళ్ళకి ఎవరూ ఇవ్వలేదు. ఊళ్ళో ఏ పేట ఎంత పల్లంలో ఉందో గమనిస్తే ఎవరికి ఎంత విలువిచ్చారో తెలిసిపోతుంది, ఇది మన ఊళ్ళకీ వర్తిస్తుంది.

కారు లేదని ఆగిపోకండి. ఫాల్సమ్‌నుంచి శాక్రమెంటోకి లైట్ రైల్ ఉంది, గోల్డ్ లైన్, అది దాదాపుగా 1856లో జూడా వేయించిన పాత రైలు దారినే పోతుంది. మేం ఎక్కువగా దాంట్లోనే తిరిగాం.

ఇక పూడిక సంగతి, డ్రెడ్జర్ల మధ్య బతికినవాణ్ణి కాబట్టి దీనిమీద నాకు ఒక పేజీ ఎక్కువే పట్టింది. ఏటి ఇసుకలో బంగారం అయిపోయాక పెద్ద గొట్టాలతో నీళ్ళు కొండలమీదికి చిమ్మి కొండల్నే కరిగించారు. ఆ మట్టీ రాళ్ళూ నదుల్లోకి దిగి నది అడుగుభాగం పైకి లేచింది. అది లేస్తే కరకట్ట ఎంత కట్టినా చాలదు, ఏటేటా పొలాలమీద ఒండ్రు కాదు, గులకా బురదా మేట వేసింది. రైతులు కోర్టుకెక్కారు. 1884లో జడ్జి లొరెంజో సాయర్ నదుల్లోకి ఆ మట్టి వదలకూడదని తీర్పిచ్చాడు. బంగారంతో పుట్టిన రాష్ట్రంలో బంగారం కంపెనీలమీద రైతులు గెలిచారు. బంగారం విడదీయడానికి వాడిన పాదరసం మాత్రం ఇంకా ఆ నదుల అడుగున ఉంది, అందుకే చేపలు పట్టే చోట్ల ఏవి ఎంత తినొచ్చో బోర్డులు ఉంటాయి, చదివి వెళ్ళండి.

ఇరవయ్యో శతాబ్దంలో వాళ్ళ ఆలోచన మారింది. నదిని గట్ల మధ్య బంధించడం ఒక్కటే సరిపోదని కొంత నీళ్ళకి దారి వదిలారు. ఊరికి పడమర యోలో బైపాస్ అని ఉంది, చలికాలంలో నది నిండితే నీళ్ళు అటు మళ్ళుతాయి, మిగతా రోజుల్లో అది పొలాలు, వరి కూడా వేస్తారు. దానిమీది పొడవాటి వంతెన, కాజ్‌వే, మీదుగా కారులో పోతూ ఆ మళ్ళు చూస్తే కోనసీమ దారిలో వెళ్తున్నట్టే అనిపించింది నాకు. ఫాల్సమ్ డ్యామ్ 1950ల్లో వచ్చింది. 1986 ఫిబ్రవరిలో ఆ డ్యామ్‌నుంచి, కింద కరకట్టలు తట్టుకోవాల్సిన లెక్కకన్నా ఎక్కువ నీళ్ళు వదలాల్సి వచ్చింది, ఊరు కొద్దిలో బయటపడింది. నోట్‌బుక్ ఎడమవైపు చూడండి, 1986 ఆగస్టు, గోదావరి వరద. మనవాళ్ళలో అది చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని అడిగి నాలుగు మాటలు అక్కడ రాసుకుంటే ఇంకా మంచిది.

టవర్ బ్రిడ్జి సాయంత్రం చూడాలి. 1935లో కట్టింది, పడవలకోసం మధ్య భాగం అలాగే పైకి లేస్తుంది, 2002లో బంగారు రంగు వేశారు. దానిమీద నిలబడి తూర్పుకి చూస్తే నేరుగా క్యాపిటల్ గుమ్మటం. పక్కనే డెల్టా కింగ్ అనే పాత స్టీమర్ కట్టేసి ఉంటుంది, 1927నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి రాత్రిపూట మనుషుల్ని తీసుకెళ్ళింది, ఇప్పుడు హోటల్. మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు ఉన్నా చీకటి పడేసరికి సముద్రం వైపునుంచి చల్లగాలి వస్తుంది, దానికి డెల్టా బ్రీజ్ అని పేరు, మన బీచ్ రోడ్డు గాలి గుర్తొస్తుంది. ఊరికీ నదికీ మధ్య అడ్డంగా హైవే పోతుంది, 1960ల్లో వేశారు, దానికోసమూ కొత్త భవనాలకోసమూ పాత పేటలు చాలా కొట్టేశారు. మిగిలిన ఆ నాలుగు వీధులే ఓల్డ్ శాక్రమెంటో.

రెండు నదులు కలిసే చోటు చూడాలంటే డిస్కవరీ పార్క్. చలికాలంలో అది తరచూ మునిగిపోతుంది, అలా మునగడానికే వదిలిన నేల అది, కాబట్టి డిసెంబరునుంచి మార్చి లోపల వెళ్తే తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి.

సటర్ కోటకి వేరే రోజు పెట్టుకోండి. సున్నం కొట్టిన మట్టి గోడలు, లోపల కమ్మరి కొలిమి, రొట్టెల పొయ్యి. పిల్లలకి బాగా నచ్చుతుంది. ఇప్పుడు కనిపించేదాంట్లో మధ్య భవనమే పాతది, మిగతాది తర్వాత తిరిగి కట్టారు. అక్కడ సటర్ గొప్పతనం వింటారు, పూర్తిగా వినండి, విన్నాక ఆ కోట ఎవరి చేతులతో లేచిందో అడగండి. ఆయనతో హవాయినుంచి వచ్చిన కొందరున్నారు, కానీ పొలం పనీ ఇటుక పనీ చేసింది ఎక్కువగా ఆ నేలమీద పుట్టినవాళ్ళు. చాలామందిచేత బలవంతంగా చేయించుకున్నాడు, వాళ్ళకి తొట్లలో తిండి పోసేవారని అప్పట్లో కళ్ళారా చూసినవాళ్ళు రాసిపెట్టారు.

మొదటి పేజీ ఖాళీగా ఉంచమన్నది ఇందుకే. కోట వెనకే ఆ మూలవాసుల మ్యూజియం ఉంటుంది, వేళలు చూసుకుని వెళ్ళి ఆ పేజీ అక్కడ నింపండి. నిసెనాన్, మివోక్ జనం. ఓక్ చెట్ల కాయల్ని దంచి, చేదు పోయేదాకా నీళ్ళు పోసి కడిగి, ఆ పిండితో జావ కాచుకునేవారు. జమ్ములాంటి రెల్లుతో పడవలు కట్టేవారు. ఊళ్ళు దిబ్బలమీద పెట్టుకునేవారు, నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో వాళ్ళకి తెలుసు. శాక్రమెంటో అన్న పేరు 1808లో స్పెయిన్ సైనికుడు గాబ్రియేల్ మొరాగా ఆ నదికి పెట్టింది. 1833లో బయటివాళ్ళతో వచ్చిన మలేరియా ఆ లోయలో ఊళ్ళకి ఊళ్ళనే ఖాళీ చేసింది. సటర్ దిగేసరికి దానికి ఆరేళ్ళు.